రెండో కుర్చీ

2022 వేసవి. సోమందేపల్లెకు కాస్త ఇవతల, హైవే పక్కన పది మంచాల డీ‑అడిక్షన్ సెంటర్. బోర్డు మీద ఎంత మర్యాదగా రాసుకున్నా ఆటోవాళ్లు మాత్రం "తాగుబోతుల ఆసుపత్రి దిగండప్పా" అనే దింపేవాళ్లు. నేను అక్కడ కౌన్సిలర్‌ని. డాక్టరు వారానికి రెండు రోజులు వచ్చి మాత్రలు రాసి వెళ్లేవాడు. మిగతా రోజులు మాటలతో నెట్టుకొచ్చేది నేనే. మాటలకు నా దగ్గర కరువు లేదు. ధర్మవరంలో చీరల అంగడి నడిపిన మా నాయనే నాతో వాదించలేక లేచి వెళ్లిపోయేవాడు.

రాయప్ప మూడోసారి చేరింది ఆ ఫిబ్రవరిలో. నలభై దాటని మనిషి, బోర్లు వేసే లారీ మీద డ్రిల్లర్. మొదటి వారం విత్‌డ్రాయల్‌తోనే సరిపోయింది. రోజూ మందు పడే ఒంటికి ఉన్నట్టుండి మందు ఆపేస్తే ఒళ్లు తిరగబడుతుంది. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి గోడమీద లేని పురుగులు కనిపిస్తాయి. అంతవరకు డాక్టరు పని. ఆ తర్వాత నాది. మనిషి మళ్లీ తాగడాన్ని మేం రిలాప్స్ అంటాం, దానికి తోసేదాన్ని ట్రిగ్గర్ అంటాం. ఆ ట్రిగ్గర్ ఏదో తవ్వి తీయాలి.

రాయప్పను మొదటిసారి చేరినప్పుడే అడిగాను.

"నీళ్లు మేడం," అన్నాడు. "బోర్లో నీళ్లు పడితే రైతు తాపిస్తాడు. పడకపోతే ఆ దుఃఖానికి మేమే తాగుతాం."

"మరి తాగని దినం యాదప్పా?"

"బండి రిపేరుకొచ్చిన దినం." కొంచెం ఆలోచించి దిద్దుకున్నాడు. "ఆ పొద్దు మెకానిక్ తాపిస్తాడులే."

ఇంత చక్కగా మాట్లాడే మనిషి రెండోసారి చేరినప్పటికి నోరు కట్టేసుకున్నాడు. అడిగినదానికల్లా "సరే మేడం", "ఇంక తాగను మేడం". ఎందుకలా మారాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదు.

ఇక్కడ నా పద్ధతి చెప్పాలి. నా గదిలో బల్లకు ఇటు నేను, అటు రెండు కుర్చీలు. ఒకటి పేషెంటుది, రెండోది ఇంటివాళ్లది. భార్యో, తల్లో, బావమరిదో ఎవరో ఒకరు అందులో కూర్చునేవాళ్లు. రాని రోజున నేనే ఫోన్ చేసి పేషెంటు చెప్పిందంతా చెప్పేదాన్ని. తాగుడు ఇల్లంతటికీ తగిలే జబ్బు, కాబట్టి వైద్యం కూడా ఇల్లంతటికీ జరగాలని చదువుకున్నాను. అందులో తప్పు లేదు. ఇంటికి వైద్యం చేయడమంటే ప్రతి మాటా ఇంటికి మోయడమని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు, అది నేను కలిపింది.

మొదటిసారి రాయప్ప నన్ను నమ్మి ఒక సంగతి చెప్పాడు. బోరుబండి పనిముట్ల పెట్టెలో, గుడ్డపేలికల కింద సీసాలు దాస్తాడట. ఆ సాయంత్రమే అతని భార్య శౌరమ్మకు చెప్పాను. శౌరమ్మ అన్నకు చెప్పింది, అన్న బండి ఓనరుకు చెప్పాడు. ఓనరు నలుగురు కూలీల ముందు పెట్టె తెరిపించి రాయప్ప చేతనే సీసాలు బయటికి తీయించాడు. అది తెలిసి నేను సంతోషించాను కూడా. దాపరికం బయటపడింది కదా అని.

ఇక మూడోసారి. మార్చి మొదట్లో డిశ్చార్జి అయ్యాడు. మాత్రలు పాతవే, మాటలు పాతవే, నేనూ పాతదాన్నే. అయినా ఒక నెల గడిచింది, తాగలేదు. రెండో నెలా గడిచింది. ఎండలు ముదిరి బోర్ల పని జోరుగా సాగే రోజులవి, అంటే తాగుడు కూడా జోరుగా ఉండాల్సిన రోజులు. ఈసారి పనిచేసిన మందేమిటో నాకు తెలియాలి. పేషెంటు బాగుపడితే సంతోషపడి ఊరుకోవడం నాకు చేతకాదు.

శౌరమ్మకు ఫోన్ చేశాను.

"శనివారం శనివారం చర్చికి పోతాండాడక్కా," అంది. వాళ్లు తాతల కాలం నుంచి కతోలికులే, కానీ రాయప్ప పెళ్లయ్యాక గుడి గడప తొక్కలేదు. "తపస్సుకాలం మొదలైనకాడి నుంచి పోతాండాడు. పాపసంకీర్తనం చేస్తాండాడంట."

తపస్సుకాలమంటే ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజులు. పాపసంకీర్తనమంటే చేసిన తప్పులు ఫాదర్ దగ్గర నోటితో చెప్పుకుని క్షమాపణ పొందడం. నాకు కొంచెం మంటగానే అనిపించింది. రెండేళ్లుగా తవ్వుతున్నది నేను, నీళ్లు పడింది పక్క చేన్లోనా?

మాత్రలకని వచ్చినప్పుడు రాయప్పను పట్టుకున్నాను. "ఏమప్పా, నాకు చెప్పనిది ఆ ఫాదర్‌కు ఏం చెప్తాండావు?"

"అది మీకు చెప్పేది కాదు మేడం."

"సరే, చెప్పొద్దు. ఎట్ల పనిచేస్తాండాదో అది చెప్పు. జపమాల తిప్పితే తాగాలనే యావ పోతుందా?"

"పోదు. ఫాదరే అన్న్యాడు, మాత్రలు మానితే నా దగ్గరికి రావద్దని." మాత్రల పొట్లం జేబులో పెట్టుకున్నాడు. "జీవితమంతా తాగకుండా ఉండాలంటే నాతో కాదు మేడం. శనివారం దాకా ఉంటా. శనివారం పోయి చెప్పాల గదా. చెప్పినాక మళ్లా శనివారం దాకా."

"తాగితే పోయి చెప్పడానికి సిగ్గుండదా?"

"ఉంటాది. కానీ ఆయప్ప తిట్టడు. దేవుడు క్షమించినాడు, పో అంటాడు. మీరు క్షమిస్తారా?"

"క్షమించేదానికి నేనెవరు?"

"అదే మరి. మీరు రాసుకుంటారు," అన్నాడు, నా చేతిలోని కేస్ షీటు చూస్తూ.

షీటును బల్ల మీద బోర్లించాను. వాదన అక్కడితో ఆపడం నా జీవితంలో అరుదు.

మే చివర్లో ఒక శనివారం సాయంత్రం శౌరమ్మ ఫోన్ చేసింది. రాయప్ప చర్చి నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడట. కూడు ముట్టలేదు, బిడ్డ పిలిచినా పలకలేదు. "వాసన రాల్యాక్కా, కానీ ముఖం పాత ముఖమే. సోమవారం మాత్రలకు ఆడికొస్తాం గదా, అందాక చూస్తా. తాగినాడని తేలితే బిడ్డను తీసుకుని మడకశిరకు, మాయమ్మకాడికి పోతా. ఈసారి తిరిగి వచ్చేది లేదు. ఫాదర్‌కు తెలిసే ఉంటాది. నువ్వడిగితే చెప్తాడు."

ఆదివారం పూజ ముగిసే వేళకు నేను ఆ చర్చికి వెళ్లాను. ఫాదర్ అరవై దాటిన మనిషి, కర్నూలు వైపువాడు. లోపల బెంచీలు సర్దుతున్నాడు. నేనెవరో చెప్పి నేరుగా విషయానికొచ్చాను.

"రాయప్ప తాగాడా లేదా? ఒక్కమాట చాలు."

"పాపసంకీర్తనంలో విన్నది చచ్చినా బయటపెట్టకూడదని మా నియమం. అతను నా దగ్గరికి వచ్చాడో లేదో కూడా నేను చెప్పకూడదమ్మా."

"వచ్చాడని అతనే చెప్పాడు కదా!"

"అతను చెప్పొచ్చు. మాట అతనిది."

"భార్య రేపు ఇల్లు వదిలి పోతుంది. కాపురం కూలిపోయినా చెప్పరా?"

"చెప్పను."

"మీ బిషప్ అడిగితే?"

"ఆయనా అడగడు. అడిగినా చెప్పను."

నాకు కోపం తలకెక్కింది. "మీకేం, వారం వారం క్షమించేసి చేతులు దులుపుకుంటారు. ఊరికే క్షమిస్తూ పోతే మనిషి బాగుపడతాడా?"

ఆయన బెంచీ వదిలి నా వైపు తిరిగాడు. "మీరు చాలామందిని రెండోసారి, మూడోసారి చేర్చుకుంటారు కదమ్మా. నాలుగోసారి వస్తే తలుపేసుకుంటారా?"

"వేసుకోను."

"నేనూ అంతే."

వాదనలో ఓడిపోయిన దాన్ని కాబట్టి మాట మార్చాను. పాపసంకీర్తనం ఎక్కడ జరుగుతుందో చూడొచ్చా అని అడిగాను. ఆయన పక్కగోడ దగ్గరున్న చెక్క గూడు చూపించాడు. ఒకవైపు ఫాదర్ కూర్చునే చోటు, మధ్యలో జల్లెడలాంటి కిటికీ, దానికి ఊదారంగు గుడ్డ. ఇటువైపు మోకరించే పలక. ఎన్ని మోకాళ్లు ఆనాయో, పలకలో రెండు గుంటలు పడ్డాయి. "కూర్చోవచ్చా?" అంటే, "కూర్చోరు, మోకరిస్తారు," అని నవ్వాడు. మోకరించాను. నా మోకాళ్లు ఎప్పుడో పోయాయి, ఆ నొప్పిలోనే చుట్టూ చూశాను. ఆ గూట్లో నా పక్కన ఇంకో మనిషి పట్టే చోటు లేదు. భార్యకు లేదు, తల్లికి లేదు, బావమరిదికి లేదు. అలా కట్టారు.

ఫాదర్ చెప్పలేదని ఆ రాత్రే శౌరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. సోమవారం పొద్దున నా గది తలుపు తీయగానే మొదట కనిపించింది రెండో కుర్చీ. అందులో కూర్చున్నవాళ్లందరూ గుర్తొచ్చారు, పనిముట్ల పెట్టె కూడా. ఆ పెట్టె తెరిచింది ఓనరని ఇన్నాళ్లూ అనుకున్నాను. మొదట మూత లేపింది నేను. కుర్చీని వరండాలోకి ఈడ్చేశాను.

పది గంటలకు ముగ్గురూ వచ్చారు. శౌరమ్మ చేతిలో బట్టల సంచి, పక్కన బిడ్డ, వెనక రాయప్ప. శౌరమ్మ అలవాటుగా లోపలికి రాబోయింది. "నువ్వు ఈడే కూచోమ్మా," అని వరండాలో కుర్చీ చూపించాను. నా వైపు చూసిన చూపుకు ఇంకొకరైతే తలుపు వదిలేసేవాళ్లు.

రాయప్ప గదంతా కలయజూశాడు. "ఇంకో కుర్చీ యాడ మేడం?"

"తీసేసినా. ముందు ఒక మాట. ఆ సీసాల పెట్టె సంగతి బయటికి మోసింది నేను. తప్పు నాది. ఇంక నీ మాట నువ్వు ఒప్పుకోకుండా ఈ గది దాటదు. ఒకటి మాత్రం ఉండాది. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే చెప్పక తప్పదు, అది గూడా నీకు చెప్పినాకనే చెప్తా. మీ ఫాదర్ అంత గట్టిదాన్ని కాను."

"అంత దూరం లేదులే మేడం," అని, కుర్చీ ముందుకు జరుపుకుని, మాట్లాడడం మొదలుపెట్టాడు. గంట మాట్లాడాడు. నేను కేస్ షీటు తెరవలేదు. చివర్లో ఒక్కటే అడిగాను. "ఇది శౌరమ్మకు ఎవరు చెప్పాల?"

"నేనే," అన్నాడు.

నేను ముందు బయటికి రాగానే శౌరమ్మ లేచి నిలబడింది. "తాగినాడా?"

"ఆయప్పనే అడుగమ్మా."

"నువ్వు గూడా ఫాదర్ మాదిరే అయితివా అక్కా? ఇంక నేనెవురినడగల్ల?"

"మొగుణ్ణి," అని నా వెనకే బయటికొచ్చిన రాయప్పను చూపించి, బిడ్డను నీళ్లు తాగిస్తానని తీసుకుని లోపలికొచ్చి తలుపేశాను. మాటలు వినబడకుండా ఫ్యాను కూడా పెంచాను. నాలాంటి మనిషికి ఇది చిన్న త్యాగం కాదు.

తర్వాత కిటికీలోంచి చూస్తే ముగ్గురూ హైవే పక్కన బస్సు కోసం నిలబడ్డారు. మడకశిర బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఊరి పేరు రెండుసార్లు అరిచాడు. బస్సు కదిలింది. దుమ్ము తగ్గాక చూస్తే ముగ్గురూ అక్కడే ఉన్నారు. సంచి రాయప్ప చేతిలోకి మారింది. శౌరమ్మ రెండు చేతులూ ఊపుతూ తిడుతూనే ఉంది. ఆ చేతులకు సంచి అడ్డమని ఇచ్చి ఉంటుంది. వాళ్ల ఊరి బస్సు రావడానికి ఇంకా అరగంట ఉంది, ఆమెకు అది చాలలేదనుకుంటాను.

నాకు దేవుడి సంగతి ఇప్పటికీ తెలియదు. రాయప్పను నిలబెట్టింది ఆయనే అని రాయప్ప అంటాడు, నేను వాదించను. వాదించినా అతను శనివారం మానడు. నాకు తెలిసింది నా వృత్తి సంగతి. చెప్పిన మాట చెప్పినచోటే ఆగిపోతుందని నమ్మకం ఉంటేనే మనిషి నిజం చెబుతాడు. ఒకచోట చెప్పగలిగినవాడు మెల్లగా ఇంట్లో కూడా చెప్పగలుగుతాడు. ఇంటివాళ్లతో ఇప్పుడూ మాట్లాడతాను, వేరే రోజున, వేరేగా. వాళ్లు చెప్పిందీ దాటనివ్వను.

ఇది రాయడానికి రాయప్పను అడిగాను. పేర్లు మార్చి, రాసింది తీసుకెళ్లి ఇచ్చాను. బోరుబండి పక్కన నిలబడి, దుమ్ము చేతులతోనే మొదటి నుంచి చివరిదాకా చదివాడు. శౌరమ్మకు కూడా వినిపించాడు. ఆమె తను తిట్టింది తక్కువ రాశానంది. రాయప్ప నా చేతిలోంచి పెన్ను తీసుకుని రెండు వాక్యాలు కొట్టేశాడు. ఆ రెండే అన్నిటికంటే బాగా కుదిరాయని నేను వాదించాను.

"కుదిరుంటాయి మేడం," అన్నాడు పెన్ను తిరిగిస్తూ. "కానీ అవి నావి."

ఆ రెండూ ఇందులో లేవు.