పసుపు గీత

బోల్టు బిగించాక దాని తలమీంచి పక్క ఇనుము దాకా సన్నటి కుంచెతో పసుపు గీత పెట్టడం ఆ కార్ల మెకానిక్‌కు పాత అలవాటు. గీత పక్కకు జరిగితే బోల్టు వదులైందని అర్థం. తమ్ముడితో కలిసి షెడ్డు నడిపిన రోజుల్లో బిగించడం తమ్ముడి వంతు, గీత ఈయన వంతు. ఒకనాడు మాటా మాటా పెరిగి తమ్ముడు వేరే షెడ్డు పెట్టుకున్నాడు. తమ్ముడి స్పానర్లు వేలాడిన మేకులు గోడకు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. ఈయన వాటికి చొక్కా కూడా తగిలించడు.

మొన్న ఉదయం మరదలు తమ కారే తీసుకుని వచ్చింది. ఇంజన్ టకటకమని కొట్టుకుంటోంది.

"మీ తమ్ముడు విప్పి బిగించినా మళ్ళీ ఇదే గోల, బావగారూ. ఇక్కడికి తెచ్చినట్టు ఆయనకు తెలీదు."

గేర్‌బాక్స్ దించి చూస్తే, దాని వెనక దాగి ఉండే బరువైన చక్రం, ఫ్లైవీల్, ఊగుతోంది. బోల్టుల్ని వంకరగా ఎక్కించి బలవంతాన బిగించడంతో, అవి దిగే రంధ్రాల్లో మరలు చెడిపోయాయి. వీడి తొందర ఇంకా తగ్గలేదన్నమాట! ఆయనకు నవ్వొచ్చింది. మరలు ఓపిగ్గా మళ్ళీ కోసి, కాస్త లావుపాటి కొత్త బోల్టుల్ని ముందు వేళ్లతో ఎక్కించి, తర్వాత బిగించి, ఒక్కొక్కదాని తలమీదా గీత పెట్టాడు.

"ఎవరు చేశారని అడిగితే ఏం చెప్పను?" అంది మరదలు.

"నువ్వేం చెప్పకమ్మా. విప్పినప్పుడు గీత చూసి వాడే తెలుసుకుంటాడు."

సాయంత్రం కారు ఏ మోతా లేకుండా వీధి మలుపు తిరిగింది. కుంచె కడుగుతుంటే ఆయనకు అప్పుడు తట్టింది. ఆ బోల్టులు ఇక వదులు కావు. వాటిని ఎవరూ విప్పరు.