మా బావమరిది డబ్బాలో నా సౌండ్

అసూయ అంటే ఏమిటో పెళ్ళయ్యాక కూడా చాలాకాలం నాకు తెలియదు. ఎందుకంటే అప్పటికి మా బావమరిది నిక్కర్లు వేసుకుని తిరిగే పిల్లాడు. వాడు పెరిగి పెద్దవాడై, గిటారు నేర్చుకుని, అదీ నా దగ్గరే నేర్చుకుని, డిజిటల్ మోడలర్ అనే డబ్బా ఒకటి కొనుక్కుని మా ఆర్కెస్ట్రాలోకి వచ్చిన రోజునుంచి తెలుస్తోంది. బాగా తెలుస్తోంది.

నేను పగలు ఆఫీసులో ఉద్యోగం చేస్తాను. ముహూర్తాలున్న రోజుల్లో సాయంత్రం పూట పెళ్ళి రిసెప్షన్లలో లీడ్ గిటారు వాయిస్తాను. విజయవాడ చుట్టుపక్కల నేను వాయించని కల్యాణ మండపం లేదని గొప్పలు కూడా చెప్పుకుంటాను. నాకో ట్యూబ్ ఆంప్ ఉంది, గిటారు చప్పుడు పెంచి వినిపించే ఆంప్లిఫయర్. పాతకాలం రేడియోల్లో ఉండేవి చూడండి, గాజు ట్యూబులు, అవే దీని లోపలా వెలుగుతుంటాయి. స్విచ్ వేయగానే పలకదు, కాసేపు వేడెక్కాలి. వేడెక్కిందంటే మాత్రం వేలు ఎలా చెబితే అలా వింటుంది. మెల్లగా మీటితే గుసగుసలాడుతుంది, కోపంగా మీటితే గొంతు బొంగురుపోతుంది. బరువు చూస్తే బియ్యం బస్తా. ఆటోలో నా పక్క సీటు ఎప్పుడూ దానిదే. మండపాల మెట్ల మీద దాన్ని మోసీ మోసీ నా నడుం ఎప్పుడో పోయింది.

మా వాడి డబ్బాకి ఆ బాధలేవీ లేవు. భుజాన సంచీలోంచి తీసి, కాళ్ళ దగ్గర పెట్టుకుని, హాలు స్పీకర్లకి వెళ్ళే సౌండ్ మిక్సర్‌కి ఒక వైరు ఇచ్చేస్తాడు, అంతే. లోకంలో ఉన్న ఆంపులన్నిటి సౌండ్లూ దాని లోపల ఉంటాయట. కాలితో నొక్కితే ఒకటి, మళ్ళీ నొక్కితే ఇంకోటి. మా సౌండ్ ఆపరేటర్ వాణ్ణి చూస్తే, "తమ్ముడూ, నీతో ఏ గొడవా లేదురా" అంటాడు. నన్ను చూస్తే, "సార్, ఆంప్ కొంచెం తగ్గించండి సార్" అంటాడు. అప్పటికి నేనింకా స్విచ్ కూడా వేసి ఉండను!

ఈసారి ముహూర్తాలు మొదలవుతాయనగా మా మాస్టారు ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టారు. మాస్టారంటే మా ఆర్కెస్ట్రా నడిపే పెద్దాయన, కీబోర్డు వాయిస్తారు.

"ఒకే పాటకి ఇద్దరూ లీడ్ అందుకుంటుంటే పాటలా లేదండీ, పోట్లాటలా ఉంది" అన్నారు. "మైలవరం రిసెప్షన్‌లో చెరో సగం వాయించండి. విని, లీడ్ ఎవరో చెప్పేస్తాను. రెండోవాళ్ళు రిథమ్."

రిథమ్ అంటే వెనకాల డ్రమ్ముల పక్కన నిలబడి, తలెత్తకుండా పాట వెనక తీగలన్నీ కలిపి తాళానికి కొట్టుకోవడం. తప్పేం కాదు, ఎవరో ఒకరు కొట్టాలి. కానీ ఇన్నేళ్ళు స్టేజీ ముందు నిలబడ్డవాణ్ణి. ఆ చోటు పోతే ఇక నేను ఆఫీసు మనిషినే, ఇంకేమీ కాను. అదీ నా భయం.

నేనూ డబ్బా కొనేసుకుంటే పోదా అని ఆలోచించకపోలేదు. ఫోన్‌లో వీడియోలన్నీ చూశాను. ఒకడు ట్యూబ్‌ని మించింది లేదంటాడు, ఇంకొకడు కళ్ళు మూసుకుని వింటే తేడా చెప్పలేరంటాడు. నేనూ కళ్ళు మూసుకుని విన్నాను. చెప్పలేకపోయాను. ఒళ్ళు మండిపోయింది. అదంతా ఫోన్ స్పీకర్ మహిమ అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ ఆదివారం మా బావమరిది పటమటలో మా ఫ్లాటుకి భోజనానికి వచ్చాడు. నేను ఎన్నిసార్లడిగినా "బజార్లో మంచివి రావట్లేదండీ" అనే మా ఆవిడ, తమ్ముడొస్తున్నాడనేసరికి రొయ్యల ఇగురు చేసింది. వాడు పెరుగన్నంలోకి వచ్చాక అసలు విషయం బయటపెట్టాడు.

"బావా, నీ ఆంప్ సౌండ్ ఒక్కసారి నా డబ్బాలోకి ఎక్కించుకోనా?"

అదీ చేస్తుందట ఆ డబ్బా. ఆంప్‌కి ఒక వైరు కలిపి, స్పీకర్ ముందు మైకు పెడితే, అది ఏవేవో చప్పుళ్ళు పంపిస్తుంది. ఆంప్ ఎలా బదులు పలుకుతోందో విని నేర్చేసుకుంటుంది. రేపు నాతో పోటీ పడబోయేవాడు నా ఆయుధమే అడుగుతున్నాడు! సిగ్గు లేదురా నీకు అందామని నోటిదాకా వచ్చింది. కానీ మా ఆవిడ పెరుగు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. బావమరిదిని బావ ఎంతైనా ఆట పట్టించొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. అక్క ఎదురుగా వాడు నోరు తెరిచి ఒకటి అడిగితే మాత్రం లేదనకూడదు. అన్నామా, ఆ మాట మన ముసలితనందాకా వెంటే వస్తుంది.

"ఎక్కించుకోరా, నా సొమ్మేం పోయింది!" అన్నాను.

మా హాల్లో ఆంప్ ముందు రెండు కుర్చీలు వేసి, వాటి మీద పాతచీరల బొంత ఒకటి గుడారంలా కప్పి ఉంటుంది. వేడి పోవాలని ఆంప్ వెనక మాత్రం ఖాళీగా వదిలేస్తాను. పై ఫ్లాటు పెద్దాయనకి చప్పుడు పడదు మరి. రోజూ ఆఫీసునుంచి వచ్చాక వాల్యూం బాగా తగ్గించి, ఆ బొంత చాటునే కాసేపు వాయించుకుంటాను. మా ఆవిడ వంటింట్లో తన పని తను చేసుకుంటూ ఉంటుంది.

"బొంత తీసేద్దామా బావా?"

"వద్దురా, పైన ఆయన పడుకునే టైము. మళ్ళీ కిందికి దిగొస్తాడు."

వాడు మైకు తీసుకెళ్ళి ఆ గుడారంలోకి దూర్చాడు. నా ఆంప్ కాసేపు కూతలు కూసింది, బుసలు కొట్టింది. నేను టీ తాగడం అయ్యేసరికి "అయిపోయింది బావా" అన్నాడు. నాబ్‌లు తిప్పి తిప్పి ఇన్నేళ్ళుగా నేను కుదుర్చుకున్న సౌండ్ ఒక్క కప్పు టీ సేపట్లో వాడి సంచీలోకి వెళ్ళిపోయింది. పోనీ నా దగ్గరేమైనా తరిగిందా అంటే అదీ లేదు, ఎక్కడిదక్కడే ఉంది. దొంగతనమని తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

ఒక్కటే నా సంతోషం. బొంత చాటు సౌండ్ స్టేజీ మీద ఏం పనికొస్తుంది? ముద్దముద్దగా, మందంగా ఉంటుంది. మైలవరంలో తెలుస్తుందిలేరా నీకు అనుకుని, వాడికి ఇంకో కప్పు టీ కూడా పోయించాను.

మైలవరానికి మా ఆవిడ కూడా బయల్దేరింది. ఇన్నేళ్ళలో నా ప్రోగ్రాముకి ఒక్కసారి వచ్చిన మనిషి కాదు. ఎప్పుడు పిలిచినా తలనొప్పే. తమ్ముడు లీడ్ వాయిస్తున్నాడనేసరికి ఆ తలనొప్పి ఎటు పోయిందో, పట్టుచీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది.

మొదటి సగం నాది. ప్రాణం పెట్టి వాయించాను. ట్యూబ్ ఆంప్ బాగా పలకాలంటే వాల్యూం పెంచాలి, పెంచాను. ఆపరేటర్ దూరంనుంచి తగ్గించమని చెయ్యి ఊపాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. కాసేపటికి పెళ్ళికూతురి మేనమామగారు స్టేజీ దగ్గరికి వచ్చి, "ఏమీ అనుకోకండి సార్, భోజనాల దగ్గర ఒకరి మాట ఒకరికి వినపడట్లేదండీ" అన్నారు. తగ్గించాను. తగ్గించేసరికి ఆంప్ నీరసపడిపోయింది. మళ్ళీ పెంచాను. మా ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. కమ్మలు సర్దుకుంటోందేమో అనుకున్నాను. కాదు, చెవి మూసుకుంది.

తర్వాత వాడు ముందుకొచ్చాడు. ఏదో పాత మెలోడీ, నెమ్మదిగా సాగే పాట. వాడు డబ్బా మీద కాలు నొక్కి మొదటి స్వరం మీటాడు.

అది నా సౌండ్. మా హాల్లో సాయంత్రం పూట నేను నాకోసం వాయించుకునే సౌండ్. ముద్దగా ఉంటుందనుకున్నది కాస్తా ఆ పెద్ద పెద్ద స్పీకర్లలోంచి, వేడన్నంలో నెయ్యి కరిగినట్టు జారుతోంది. భోజనాల దగ్గర మాటలు సద్దుమణిగాయి. ఇందాకటి మేనమామగారే ఫోన్ తీసి రికార్డు చేసుకుంటున్నారు. మా ఆవిడ పమిట చెంగుతో కళ్ళొత్తుకుంటోంది. వాడు నావైపు తిరిగి కనుబొమలెగరేశాడు, ఎలా ఉంది బావా అన్నట్టు. ఓరి నీ! మైకు నా చేతికందేంత దూరంలో ఉంది. అది నాదండీ అని అరవొచ్చు. అరిస్తే, మరి మీరెప్పుడూ అలా వాయించలేదేమండీ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పను? స్టేజీ అంటే గట్టిగా వాయించేదని నా నమ్మకం. ఆ మెత్తని వాయింపు ఇల్లు దాటించాలని నాకు ఏనాడూ తోచలేదు.

భోజనాల దగ్గర మాస్టారు నా పక్కనే కూర్చున్నారు. కాసేపు పప్పు కలుపుకున్నారు.

"లీడ్ అబ్బాయి వాయిస్తాడండి" అన్నారు చివరికి. "మీరు రిథమ్ చూసుకోండి. ఆ ఆంప్ ఇంట్లో పెట్టేసి, మీరూ అలాంటి డబ్బా ఒకటి తీసుకోండి. నడుముకీ మంచిది."

సరేనన్నాను. ఏం తిన్నానో నాకు గుర్తులేదు.

మర్నాడు సెలవు. పొద్దున్న కాఫీ ఇస్తూ మా ఆవిడ అంది, "ఎందుకండీ మొహం అలా వేలాడేసుకుంటారు? మీరూ ఆ డబ్బా కొనుక్కోండి. మా తమ్ముడి సౌండ్ ఎంత బావుందండీ! నాకైతే ఏడుపొచ్చేసింది."

ఆంప్ స్విచ్ వేసి, అది వేడెక్కేదాకా కూర్చుని, రాత్రి వాడు వాయించిన పాటే అందుకున్నాను. రోజూ ఎలా వాయిస్తానో అలాగే. కొత్తగా ఏమీ చెయ్యలేదు. మా ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. నేను వాయిస్తుంటే ఆవిడ అలా వచ్చి నిలబడటం మా కాపురంలో అదే మొదలు.

"ఆఁ, ఇదే!" అంది. "చూశారా, మా వాడు వాయించింది విన్నాక మీకూ పట్టుబడింది."

అంటూనే ఆవిడ ఫోన్ తీసి తమ్ముడికి చేసి, స్పీకర్ ఆన్ చేసి ఆంప్ వైపు పట్టుకుంది.

"ఒరేయ్, విను విను! మీ బావ అచ్చం నీలాగే వాయిస్తున్నారు."

"అక్కా, అది..." అని మొదలుపెట్టాడు వాడు.

ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు. వాడు అబద్ధమాడే రకం కాదు. ఆ సౌండ్ బావదేనని ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. అది విని మా ఆవిడ, మా తమ్ముడిది ఎంత మంచి మనసో అని మురిసిపోతుంది. ఆ మంచి పేరు కూడా వాడికేనా? వాల్యూం నాబ్ చివరిదాకా తిప్పి, ఆరు తీగలూ ఒక్కసారిగా మీటాను. వాడు చెప్పిన మాట మా ఆవిడకి వినపడలేదు.