చప్పట్లు మాన్పించిన రికార్డింగు

1974 జూన్‌లో నన్ను రేడియో రికార్డింగ్ విభాగంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా విజయవాడకు బదిలీ చేశారు. మైకు ఎక్కడ పెట్టాలో, ఎవర్ని ఎంత దూరంలో నిలబెట్టాలో చూడటం మా పని. పాట బాగుందో లేదో తేల్చడం ప్రోగ్రాం వాళ్ల పని. ఆ సంగతిలో నోరెత్తవద్దని మా పై అధికారి మొదటి రోజే హెచ్చరించారు.

ఆ వానాకాలంలో భవానీపురం చర్చిలో పాటల బృందాన్ని రికార్డు చేసే పని నాకు పడింది. బృందంలో సగం మంది తాతల నాటి నుంచి అక్కడివాళ్లు. మిగతావాళ్లు కట్టుబడి పనుల కోసం ఏడాది కిందట శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. హార్మోనియం వాయించే దానియేలు మాస్టారు బృందానికి పెద్ద. మనిషి మంచివాడే గాని, కొత్తవాళ్లు తాళం చెడగొడుతున్నారని ఆయనకు గట్టి నమ్మకం. నేను వైర్లు పరుస్తుంటే దగ్గరకొచ్చి, "పాస్టరుగారి మాట కాదనలేక కలుపుకున్నామండీ. ఇవాళ రికార్డింగు చెడిందంటే వచ్చే ఆదివారం నుంచి ఎవరి పాట వాళ్లదే" అన్నారు. వెనకే నిలబడ్డ సువార్తమ్మ ఆ మాట విన్నది. కొత్తవాళ్లలో పెద్దావిడ. కొంగు నడుముకు దోపుకుని, తనవాళ్లను పాతవాళ్ల వెనక వరసలో నిలబెట్టింది.

రిహార్సల్ అదిరిపోయింది. ఒక్కటే చిక్కు, కొత్తవాళ్లు పాడుతూ చప్పట్లు కొడుతున్నారు. చప్పట్లంటే మాకు హడల్. కొట్టినప్పుడల్లా మీటరు ముల్లు ఎర్ర గీత దాటుతుంది, టేపు మీద శబ్దం చిట్లిపోతుంది. మానేయమన్నాను. "సప్పట్లు నేకపోతే ఎలాగ బాబూ?" అంది సువార్తమ్మ. రూలు రూలేనమ్మా అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

టేపు తిప్పాను. రెండో చరణానికల్లా పాట కుంటింది. ఇంకోసారి పాడించినా అంతే. మాస్టారు కొత్తవాళ్ల వంక కొరకొరా చూసి, "నేను చెప్పలా అండీ?" అన్నారు.

నాకు మాత్రం వింతగా తోచింది. ఇందాక అంత బాగున్న పాటకు ఇప్పుడేమొచ్చింది? టేపు వెనక్కి తిప్పి హెడ్‌ఫోన్‌లో విన్నాను. ఓరి నాయనో! ముందుగా సాగదీస్తున్నది మాస్టారి హార్మోనియమే. పాతవాళ్లు దాని వెంట జారుతున్నారు. కొత్తవాళ్లు వీళ్ల కోసం ఆగి అందుకుంటున్నారు. ఏడాదిగా ఆ చప్పట్ల ఆసరాతోనే పాతవాళ్ల తాళం నిలబడిందన్నమాట. ఆ సంగతి వాళ్లకే తెలియదు. దాన్ని ఊడబెరికినవాణ్ణి నేను. సిగ్గేసింది.

పై అధికారి హెచ్చరికను పక్కనబెట్టి హెడ్‌ఫోన్ మాస్టారి చేతికిచ్చాను. ఆయన విన్నారు. మళ్లీ పెట్టమన్నారు. మూడోసారికి ముఖం ఎర్రబడింది.

మా రిబ్బన్ మైకు ముందూ వెనకా బాగా వింటుంది, పక్కల దానికి చెవుడు. పాతవాళ్లను ఇటు, కొత్తవాళ్లను అటు ఎదురెదురుగా నిలబెట్టాను. చప్పట్లకు సువార్తమ్మను ఒక్కదాన్నే మైకుకు చెవుడున్న పక్కన ఉంచాను. మాస్టారు హార్మోనియం పెట్టె తనే మోసుకొచ్చి ఆవిడ ఎదట కూర్చున్నారు.

"తప్పు నాదేనమ్మా. నీ చేతులు నాకు కనబడేట్టు కొట్టు" అన్నారు.

"మీరు వాయించండి మేస్టారూ, నాను తాళం ఒగ్గను" అంది.

ఆ టేపు ప్రసారమైంది. బృందం విడిపోలేదు. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఒకరి అలవాటు మాన్పించే ముందు దాని మీద ఇంకెవరు ఆనుకుని ఉన్నారో చూసుకున్నాకే నోరు తెరిచాను.