పాటిగడ్డ మీద చోటు

సత్యానందం సారు సోషల్ టీచరుగా రిటైరై, పెన్‌పహాడ్ దగ్గర మా వాడలోనే ఉంటున్నాడు. ఊరి పక్క పాటిగడ్డను కాపాడింది ఆయనే. కాపాడి ఏం బావుకున్నాడో చెప్తాను.

పాటిగడ్డంటే ఎప్పటి జనమో బతికిపోయిన దిబ్బ. ఆ మన్ను చేనుకు బలమని ఏటా ఎండాకాలంలో రైతులు బండ్లకెత్తి తోలుకున్నారు. తూర్పు మూల మాత్రం ఒక్కరూ ముట్టలేదు. అది మా వాడ క్రైస్తవుల బొందలగడ్డ. మా శవాలు కలిసిన మన్నులో పండితే వాళ్లకు ముద్ద దిగదు మరి.

పక్క భూముల ఆసామి సుధాకర్ గడ్డ మొత్తం చదును చేసి ప్లాట్లు కొడతానని బయలుదేరాడు. సారు అక్క రూతమ్మకు నిద్ర కరువైంది. ఆమె పెనిమిటి సమాధి అక్కడే ఉంది.

"తమ్మీ, నేను పోతే మీ బావ పక్కన్నే పెట్టాలె. గదొక్కటి సూడు," అంది.

సారు ఆఫీసుల చుట్టూ తిరిగి పురావస్తు శాస్త్రవేత్తలను రప్పించాడు. వాళ్లు ముందు నడిమధ్యన తవ్వారు. రైతులు మన్నెత్తిన గుంతల్లో ఊరి చెత్త పోశారు కదా, పాత పెంకుల కింద ప్లాస్టిక్ చెప్పు దొరికింది. ఇక్కడ ఏది ముందో ఏది వెనకో తేల్చలేమని వాళ్ల పెద్దాఫీసరు శ్రావణి పెదవి విరిచింది.

"కదలని మన్ను ఎక్కడైనా ఉందా సార్?"

సారు వాడను బతిమాలి సమాధుల మధ్య ఖాళీలో తవ్వించాడు. పై పొరలో ఇనుప ముక్కలు, నలుపు ఎరుపు పెంకులు. దాని కింద బూడిదరంగు పెంకులు, నున్నటి రాతి గొడ్డళ్లు, పేడ కాలిన బూడిద. ఇనుము రాకముందే ఇక్కడ పశువుల కాపరులు ఊరు కట్టుకున్నారన్నమాట. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా దొరికిన పెంకులన్నిటికీ ఇక వీటిని చూసే కాలాల వరస కడతారట. సారు సంబరం అంతా ఇంతా కాదు.

సుధాకర్ పని ఆగింది. గడ్డ చుట్టూ కంచె, రక్షిత స్థలమని బోర్డు వచ్చాయి.

మొన్న వానల్లో రూతమ్మ పోయింది. గుంత తవ్వబోతే కాపలా గోపయ్య అడ్డమొచ్చాడు.

"గీడ గడ్డపార పెట్టొద్దని ఆర్డరున్నది సారూ. తెచ్చింది మీరే గద."

సారు శ్రావణికి ఫోన్ చేశాడు. "ఒక్క గుంత తీసినా పొరలు పాడవుతాయి సార్, మీకు నేను చెప్పాలా," అందామె.

చెప్పక్కర్లేదు. అక్కను కాలువ గట్టు కింద పెట్టించాడు. గుంతలో ఊరుతున్న నీళ్లను బకెట్లతో తోడుతూ పెట్టెను దించాం. మాకు ఒళ్లు మండిపోయింది. సారు మాత్రం కాలువలో మట్టి చేతులు కడుక్కున్నాడు.

"వాళ్లు అంటుకోరని మనకు మిగిలిన జాగ అది. మనం గూడ అంటుకోకుండ నేను జేసిన," అన్నాడు.