చీటీలో రాయని మందు

ఉద్యోగంలో చివరి నాలుగేళ్లూ నిడదవోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేశాను. అక్కడ ఆ పనికి నేనొక్కడినే. సందేహమొస్తే అడగడానికి మనిషి లేడు, తప్పు చేస్తే తిట్టడానికీ లేడు.

ఒక మధ్యాహ్నం సుశీల గారనే టీచరును బడి నుంచి తీసుకొచ్చారు. పాఠం చెబుతూ తల పట్టుకుని కూలబడిపోయారట. స్కాన్‌లో చిన్నమెదడులో రక్తస్రావం కనపడింది. ఆపరేషన్‌కి రాజమండ్రి పంపాలి. మగత పెరుగుతోంది, ఊపిరి తడబడుతోంది. మత్తిచ్చి గొంతులో గొట్టం వేశాను. గొట్టం పడక దగ్గితే తలలో ఒత్తిడి పెరుగుతుంది. అందుకని కండరాలను కాసేపు కదలకుండా చేసే వెక్యురోనియం ఇస్తాం. అంబులెన్స్ ఎక్కించేముందు దాని రెండో డోసు కూడా ఇచ్చాను. బీపీ పడిపోతుందన్న భయంతో మత్తు మాత్రం తగ్గించాను. వెంట వెళ్లిన నర్సు నేను రాసిన చీటీ అక్కడ అప్పగించి వెనక్కొచ్చేసింది.

గంట దాటాక వాళ్లాయన ఫోన్ చేశారు. "ఏంటండీ ఇది? గిల్లినా కదలట్లేదంటున్నారు. ఇంక ఆపరేషన్ చేసి లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లిపోండంటున్నారండి."

నాకప్పుడు గుర్తొచ్చింది. చీటీలో వెక్యురోనియం ఊసే రాయలేదు. నా బుర్ర ఏ గంగలో కలిసిందో! ఫోన్ అక్కడి డ్యూటీ డాక్టరుకి ఇప్పించి సంగతి చెప్పాను. ఆ మందు కాళ్లూ చేతులూ ఆపుతుంది గానీ కనుపాపను ఆపలేదు, టార్చి వేసి చూడమన్నాను. చూసొచ్చి, వెలుతురుకి కనుపాపలు ముడుచుకుంటున్నాయన్నాడు. అంటే మెదడు పనిచేస్తూనే ఉంది. మరి ఎందుకు రాయలేదని అడిగాడు. మర్చిపోయానన్నాను. సాయంత్రానికి ఆపరేషన్ అయింది.

మూడు నెలల తర్వాత దంపతులిద్దరూ వచ్చారు. ప్రాణం నిలబెట్టారంటూ ఆయన నా చేతులు పట్టుకున్నారు. ఆవిడ మెల్లగా మాట్లాడారు. "అక్కడ వాళ్లన్నదంతా వినపడిందండి. ఈయన ఏడుస్తున్నారు. బతికే ఉన్నానని చెబుదామంటే వేలు కూడా లేవలేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మందిచ్చి రాయనిది నేనేనని, మత్తు చాలినంత ఇవ్వనిదీ నేనేనని చెప్పేశాను. ఆయన నా చేతులు వదిలేశారు.

"ఇప్పుడు రాస్తున్నారాండి?" అని అడిగారు ఆవిడ.

రాస్తున్నానన్నాను. చీటీలోనే కాదు, గొట్టాన్ని పట్టి ఉంచే ప్లాస్టరు మీద కూడా మందు పేరు, ఇచ్చిన టైము రాస్తున్నానన్నాను. తలూపి లేచారు. వాళ్లు వెళ్లాక గదిలో ఒక్కడినే కూర్చున్నాను. ఇది చెప్పుకోవడానికి ఆ పని తెలిసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు.

రోగి కదలకపోతే ముందు చూసుకోవాల్సింది మనం ఏ మందిచ్చామన్నది. అది తేలేదాకా ఆ మనిషి అన్నీ వింటున్నట్టే లెక్క.