కోళ్ళ పెంపకం అరలో దొరికిన పుస్తకం

సంచీ గుమ్మం దగ్గర వదిలేది లేదని ఫలేసి న్యిరోంగో మొదటిరోజే పేచీ పెట్టింది. తిండి లోపలికి తేకూడదని నేను చెబితే, సంచీలో ఉన్న రెండు మందాసీ బూరెలూ అక్కడే నిలబడి తినేసి, నూనె కాగితం మడిచి నా చేతికిచ్చింది. అయినా సంచీ వదలదు. వెనక వరస పెరిగిపోతుంటే, చివరికి నోటుపుస్తకం, కళ్ళజోడు తీసుకుని, సంచీ అక్కడే పడేసి విసురుగా లోపలికి వెళ్ళింది.

నేనప్పుడు ఆ యూనివర్సిటీ లైబ్రరీలో కౌంటరు గుమాస్తాని. ఆవిడకు నలభై ఏడేళ్ళు. దేశానికి ఉత్తరాన కరోంగా దగ్గర సరస్సు ఒడ్డున ఒక ప్రాథమిక బడిలో ఇరవై నాలుగేళ్ళు పాఠాలు చెప్పింది. డిగ్రీ చేసి రమ్మని ప్రభుత్వం పంపితే దక్షిణాదికి, మా కొండ కిందికి వచ్చింది.

ఆవిడ కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. బల్లల మధ్య తిరుగుతూ పాఠం చెప్పడానికి అలవాటు పడ్డ మనిషి. కుర్చీ లాక్కునేది, రెండు పేజీలు తిప్పేది, లేచేది. చలికి చితెంజే గుడ్డ భుజాల చుట్టూ బిగించుకుని మెట్లు ఎక్కేది, దిగేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. ఊళ్ళో అందరూ తననే అడిగేవారు. ఇక్కడ కూతురి వయసు పిల్లల ముందు తెలియదని చెప్పడానికి నోరు రాలేదని తర్వాత ఎప్పుడో నాతో అంది.

రెండో వారంలో ఆవిడ తరగతికి వ్యాసం రాయమని ఇచ్చారు. పిల్లలకు ఇంటి భాషలో చదవడం నేర్పడం గురించి. దానికి పనికొచ్చే పుస్తకం ఒకటే, మా దగ్గర ఉన్నదీ ఒకే ప్రతి. తరగతిలో ముప్పై ఎనిమిది మంది. పక్కవాళ్ళు ఎలా చేస్తున్నారో ఓరగా చూసి ఆవిడ కూడా కంప్యూటరులో పేరు కొట్టి, చీటీ మీద దాని అర అంకె రాసుకుంది: 372.41. అరల వెంట వెళ్ళింది. 372.5 దాటింది, 372.9 దాటింది, 373 వచ్చేసింది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు. మూడు రోజులు అలా తిరిగాక ఒక మధ్యాహ్నం ఆ వరస చివర నుంచి ఆవిడ నవ్వు వినిపించింది. వెళ్ళి చూస్తే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటోంది.

"నలభై ఒకటి అయిదు కన్నా పెద్దదని ఎదర వెతుకుతున్నానయ్యా. దశాంశాలు ఇలా చేసినందుకు ఎంతమంది పిల్లల లెక్కలు తప్పు కొట్టానో," అంది.

నాతో ఆవిడ మనసు విప్పి మాట్లాడింది అదే మొదలు. సరైన చోటికి నేనే తీసుకెళ్ళాను. పుస్తకం మాత్రం అక్కడ లేదు. లోపలే ఉందని కంప్యూటరు అంటోంది. ఎవరో చదువుకుంటున్నారేమో, రేపు చూడమన్నాను. ఆ మాట మేము రోజూ పదిమందికి చెప్పేదే.

ఆవిడ మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. చివరికి వొంగాని అనే తోటి విద్యార్థి జాలిపడ్డాడో, ఆటపట్టించాడో గాని, మెట్ల మీద ఆపి చెప్పాడు. "టీచరమ్మా, ఆ పుస్తకం దాని చోట ఉండదు. ముందు దొరికినవాళ్ళు ఎక్కడో పడుకోబెట్టేసుంటారు. ఇక్కడ ఇదంతా మామూలే."

అలా దాస్తారని మాకూ తెలుసు. వెతికే ఓపిక మాకు లేదు. ఆవిడకు ఉంది. సోమవారం పొద్దున్నే మొదటి అంతస్తులో మొదటి అర దగ్గర మొదలుపెట్టింది. పుస్తకాల వెనక చెయ్యి పెట్టి తడుముతూ మతం, చట్టం, భూగర్భం అన్నీ దాటింది. కరెంటు పోయి కంప్యూటర్లు ఆరిపోయి మిగతావాళ్ళు బయట అరుగు మీద కబుర్లాడుతుంటే, ఆవిడ కిటికీ వెలుతురులో నడుస్తూనే ఉంది. మంగళవారం మధ్యాహ్నం కోళ్ళ పెంపకం పుస్తకాల వెనక అడ్డంగా పడుకుని దొరికింది అది.

నేల మీదే చతికిలబడి మూసేవేళ దాకా చదివింది. సగమే అయింది. గంట కొట్టారు. ఒకే ప్రతి ఉన్నవి ఇంటికివ్వం, పుస్తకం తెచ్చి నాకివ్వాలి. ఇస్తే పొద్దున్నే ఎవరు ముందొస్తే వాళ్ళది. ఆవిడ పై అంతస్తుకెళ్ళి, ఎవరూ ముట్టుకోని పాత పార్లమెంటు చర్చల సంపుటాల వెనక దాన్ని తోసి వచ్చింది. పోతూ పోతూ నాకు దణ్ణం కూడా పెట్టింది.

బుధవారం ఆవిడ తిరిగిన తిరుగుడు ఇంతా అంతా కాదు. పైకెళ్ళడం, ఉందని చూసుకోవడం, చదవబోవడం, ఎవరి అడుగు చప్పుడో విని మూసేయడం, కిందికి దిగడం. హాస్టల్లో మొక్కజొన్న ఎన్‌సిమా ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిందట. సాయంత్రం లుసుంగు అనే అమ్మాయి ఎదురైంది. చంటిబిడ్డను వీపున కట్టుకుని తరగతికి వచ్చే పిల్ల. బిడ్డ నిద్రపోయిన గంటలోనే తనకు చదువు. ఆ పుస్తకం గాని కనిపించిందా అమ్మా, ఎవరో రాసుకున్న నోట్సు చూసి రాయాల్సి వస్తోంది అని అడిగింది. ఫలేసి తను కూడా చూడలేదని చెప్పింది.

గురువారం తలుపులు తెరిచేసరికి గుమ్మంలో ఉంది. తిన్నగా పైకెళ్ళి, పుస్తకం తెచ్చి కౌంటరు మీద పెట్టింది. ఎక్కడ దొరికిందని అడిగాను.

"కోళ్ళ పుస్తకాల్లో. మంగళవారం."

"ఇవాళ గురువారం కదమ్మా."

"అవును. రెండ్రోజులు నేను దాచాను. రాసుకో."

నేను రాసుకోకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఆవిడే కదల్లేదు. లైబ్రేరియన్ చవులా గారి గదికి తీసుకెళ్ళాను. ఆయన మెత్తటి మనిషే గాని నియమం దగ్గర మెత్తన కాదు. ఆవిడకు రెండు వారాలు ఏ పుస్తకమూ ఇంటికివ్వకూడదని చీటీ రాశారు. ఆ పుస్తకాన్ని కౌంటరు వెనక పెట్టి, అడిగినవాళ్ళు చీటీ రాసి రెండేసి గంటలు లోపలే కూర్చుని చదివేలా చెయ్యమని నాకు చెప్పారు. తర్వాత చీటీ అందిస్తూ ఆవిడను అడిగారు.

"తీసుకెళ్ళొద్దన్నాం గాని చదవొద్దనలేదమ్మా. పరిశోధనల గది చూశారా ఎప్పుడైనా?"

అలాంటి గది ఉందనే ఆవిడకు తెలియదు. పత్రికల వెనక సన్నని తలుపు. లోపల ఇక్కడి విద్యార్థులే రాసిన సిద్ధాంత గ్రంథాలు, టైపు కొట్టినవి, నల్లటి అట్టలతో. అందులో ముప్పై ఏళ్ళనాటిదొకటి తీసి చవులా గారు ఆవిడ ముందు పెట్టారు. ఉత్తరాది బళ్ళలో పిల్లలు తమ ఇంటి భాష తుంబుకా చదివేటప్పుడు ఎక్కడెక్కడ తడబడతారో ఒకాయన ఊరూరా తిరిగి రాసింది. ఆవిడ ఆ గదిలో నిలబడి, కిటికీ గట్టు మీద దాన్ని ఆనించుకుని చదివింది. అరవయ్యో పేజీ దగ్గర బయటికొచ్చి నాతో పోట్లాటకు దిగింది. ఈయన పిల్లల్ని మూడేసి రోజులు చూసి రాశాడు, నేను ఇరవై నాలుగేళ్ళు చూశాను, ఇది తప్పు అంది. తప్పయితే అలాగే రాయమన్నాను.

రాసింది. నూటికి అరవై ఒకటి వచ్చాయి. వొంగానికి డెబ్బై. పుస్తకం కౌంటరు వెనక్కి వెళ్ళడంతో తరగతిలో సగంమందికి ఆవిడ మీద కోపమొచ్చింది. తనూ దాచి, ఎవరూ పట్టుకోకుండానే తనే వెళ్ళి అప్పజెప్పిందేమిటని వొంగాని ఆ టర్ము అయ్యేదాకా ఆవిడతో మాట్లాడలేదు. లుసుంగుకు మాత్రం నిజం తనే చెప్పిందట. ఆ పిల్ల చాలా రోజులు అమ్మా అని పిలవడం మానేసిందని చెబుతూ ఫలేసి కిటికీ వైపు తిరిగింది.

పుస్తకం కౌంటరు వెనక్కి వెళ్ళిన మరుసటి వారమే లుసుంగు రెండు గంటల చీటీ మీద ఆ పుస్తకం తీసుకుంది. బయట అరుగు మీద ఆ రెండు గంటలూ ఆ పిల్ల బిడ్డను తన వీపున వేసుకుని ఫలేసి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడుస్తూనే ఉంది.