లూప్ లైనులో మరచెంబు నీళ్లు

1943 వేసవిలో నన్ను విజయనగరానికి ఇవతల ఒక చిన్న స్టేషనుకు అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా వేశారు. యుద్ధకాలం. సైనికుల రైళ్లకు దారి ఇవ్వడానికి పాసింజరు బండ్లను లూప్ లైనులో, అంటే పక్క పట్టాల మీద, నిలిపేవాళ్లం. ముందు స్టేషను నుంచి లైన్ క్లియర్ అనే అనుమతి వచ్చేదాకా బండి కదలకూడదు. పన్నెండు గంటల డ్యూటీ. బదులు మనిషి రాకపోతే పద్దెనిమిది. ప్రార్థన కూడా నిలబడే చేసుకునేవాణ్ణి.

ప్రయాణికులకు మంచినీళ్లు పోయడానికి స్టేషనులో ఒక బ్రాహ్మణుడు ఉండేవాడు. ఆయన చేతి నీళ్లయితే అందరూ తాగుతారని ఆ ఏర్పాటు. ఆ వారం ఆయన మలేరియాతో పడ్డాడు. బదులు మనిషి కోసం తంతి ఇవ్వవలసింది, అలసటలో మరిచాను. ఆ పొద్దున నూతిలో నీళ్లు తోడి మంచినీళ్ల పీపా నేనే నింపాను.

మధ్యాహ్నం పాసింజరు వచ్చి లూప్‌లో ఆగింది. పాతపట్నం షావుకార్ల కుటుంబం ఒకటి జ్వరంతో ఉన్న ఆరేళ్ల పిల్లను విజయనగరం ఆసుపత్రికి తీసుకుపోతోంది. వాళ్ల మరచెంబు ఖాళీ. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ అప్పన్న ఆ పీపాలోంచి చెంబుతో నీళ్లు తెచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

“ఎవులు తోడినారు బాబూ?” అంది పిల్ల నాయనమ్మ.

“తమరు నోరిప్పకండి మాస్టారూ, నానని సెప్పేత్తాను” అని అప్పన్న నా చెవిలో గొణిగాడు. నేను అబద్ధం ఆడలేకపోయాను. తోడింది నేనని, క్రైస్తవుణ్ణని చెప్పాను. ముసలమ్మ చెంబు తోసేసింది.

“అత్తా, పిల్ల నోరెండిపోతన్నాది!” కోడలు ఏడ్చింది.

“నోరుముయ్యే. పోయిన కులాన్ని ఆసుపత్రోడు తెచ్చిస్తాడేటి?”

లైన్ క్లియర్ రాలేదు. పిల్ల కళ్లు తేలేస్తోంది. ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఇదంతా చూస్తున్నాడు.

“ఓలమ్మా, నా ఇంజిను నీళ్లు తాగిస్తావేటి? దానికి కులం నేదు, కడుపు నిండా నిప్పే!” అని కేకేశాడు.

ముసలమ్మ ఇంజను వైపు తిరిగి చూసింది. “నిప్పు ముట్టినదానికి మైల నేదు. ఒసే, మరసెంబు అట్టుకెళ్లు” అంది.

కోడలు పరుగెత్తింది. పొగలు కక్కే నీళ్లను తిరగబోసి చల్లార్చి పట్టారు. ఇంజనులో ఆ నీళ్లు ఏ స్టేషనులో ఎవరు నింపారో ముసలమ్మ అడగలేదు. పిల్ల రెండు గ్లాసులు తాగి కళ్లు తెరిచింది. గంట తర్వాత లైన్ క్లియర్ వచ్చింది, బండి వదిలాను.

సాయంత్రం బదులు మనిషి కోసం తంతి ఇచ్చాను. ఆదివారం చర్చిలో సంఘం వాళ్లకు ఈ సంగతి చెబితే, నిజం పలికావని మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు రుచించలేదు. నేను నిజం చెప్పి ఊరుకున్నాను. దారి వెతికింది ఫైర్‌మన్. తర్వాత సర్వీసంతా, ప్రయాణికుడికి అడిగింది ఇక్కడ లేదని చెప్పవలసి వస్తే, ఎక్కడ దొరుకుతుందో కూడా కనుక్కుని చెప్పేవాణ్ణి. డ్యూటీలో అది కూడా భాగమే.